నేలలోని సీసా
లోహములను కనిపెట్టు యంత్రము గాజును కనిపెట్టజాలదు. అది వెలువరించు అయస్కాంతశక్తిచే లోహమున విద్యుత్తు పుట్టును, గాజున పుట్టదు. అయినను యంత్రము మ్రోగినచోట త్రవ్వగా, తుప్పుమేకులతోపాటు ప్రాతసీసాలు బయల్పడుట కలదు. ఏలయన, చెత్తగోతులలో రెండును కలిసియుండును.

మెడలో గోలీగల సోడాసీసాకు హైరం కాడ్ అను ఆంగ్లేయుడు 1872లో ప్రత్యేకహక్కు పొందెను. కావున అట్టి సీసా దొరకిన చెదరని పొర అంతకు పూర్వపుది కాజాలదు.

ఆమదాలవలస చెంత దంతపురమున మట్టికోట కలదు. వంశధారయొడ్డున శాలిహుండమందలి బౌద్ధశిథిలములను 1919లో గిడుగు రామమూర్తిగారు వెలుగులోనికి దెచ్చిరి. విద్యార్థులారా! ఇట్టిచోట్ల వినోదమునకై త్రవ్వరాదు. నేలలో నిక్షేపము దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించుచున్నది. పెకలించిన వస్తువు చేతికి వచ్చును గాని, అది యే పొరలో నుండెనో చెప్పు సాక్ష్యము మరల రాదు.