పొలంలో మాట రికార్డు చేయాలంటే ఏ రికార్డర్, ఏ మైకు?

"పొలంలో పెద్దవాళ్ల మాటలు రికార్డు చేద్దామనుకుంటున్నాం, ఏ రికార్డర్ కొనమంటారు?" అని చాలామంది అడుగుతున్నారు. పై వీడియోలో ఒకే మాటను మూడు రకాలుగా రికార్డు చేసి వినిపించాను. అందులో చెప్పడానికి టైం చాలని వివరాలు ఇక్కడ రాస్తున్నాను.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. నెల్లూరు జిల్లాలో మొలగొలుకులు పండించిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. విత్తనానికి కంకులు ఎలా ఏరాలి, ఎలా ఎండబెట్టాలి, పురుగు పట్టకుండా ఎలా దాచుకోవాలి, అన్నీ గంటన్నర సేపు ఓపికగా చెప్పారు. నేను కొత్త రికార్డర్‌ను గట్టు మీద పెట్టేసి కెమెరా చూసుకుంటూ కూర్చున్నా. హెడ్‌ఫోన్స్ పెట్టుకోలేదు. వెళ్లేటప్పుడు ఆయన "ఏం అబ్బయ్యా, నా మాటలన్నీ పడ్డాయా దాంట్లో?" అని కూడా అడిగారు. పడ్డాయి తాతా అన్నాను. ఇంటికొచ్చి వింటే గాలి హోరు తప్ప ఏమీ లేదు. మూడు నెలల తర్వాత మళ్లీ వెళ్లేసరికి ఆయనకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

ఆ రికార్డర్ మంచిదే. తప్పంతా నాది. మైకు దూరంగా పెట్టాను, గాలికి అడ్డం పెట్టలేదు, వినుకోలేదు. అందుకే డబ్బు ఏ వరుసలో ఖర్చు పెట్టాలో చెబుతాను. ఈ వరుసలో రికార్డర్ నాలుగోది.

1. కాలర్ మైకు

మైకుకూ నోటికీ మధ్య దూరం రెట్టింపు అయినప్పుడల్లా మాట సుమారు 6 డెసిబుల్స్ తగ్గుతుంది. జానెడు దూరంలో ఉన్న మైకును పది జానల దూరం జరిపితే 20 డెసిబుల్స్ పోతుంది. బోరు మోటారు చప్పుడు, కాకుల గోల మాత్రం అలాగే ఉంటాయి. తర్వాత సౌండ్ పెంచితే అవి కూడా పెరుగుతాయి. ఎంత ఖరీదైన రికార్డరైనా దీన్ని సరిచేయలేదు.

కాబట్టి మైకు మనిషి దగ్గరే ఉండాలి. గడ్డానికి జానెడు కింద, గుండె మీద పెట్టండి. బోయా బీవై-ఎం1 లాంటి వైరు మైకు మొదలుపెట్టడానికి చాలు. దాని వైరు 6 మీటర్లు ఉంటుంది. చొక్కా వేసుకోని పెద్దవాళ్లకు కండువా అంచుకు పెట్టి, కండువా మైకుకు రాసుకోకుండా సర్దండి.

కొనేముందు పిన్ను చూసుకోండి. ఫోన్ కోసం చేసినదానికి సాధారణంగా మూడు నల్ల గీతలు ఉంటాయి, రికార్డర్ కోసం చేసినదానికి రెండు. పొంతన కుదరకపోతే చిన్న అడాప్టర్ కావాలి. కొన్ని మైకులకు ఫోన్‌కూ కెమెరాకూ మార్చుకునే స్విచ్ ఉంటుంది.

2. బొచ్చు తొడుగు

మైకుతో వచ్చే నల్ల స్పాంజి తొడుగు ఊపిరి తగలకుండా ఆపుతుంది. పొలం గాలికి అది సరిపోదు. దాని మీద బొచ్చు తొడుగు వేయాలి. రికార్డర్‌లో లో-కట్ అనే సెట్టింగ్ ఉంటే 80 హెర్ట్జ్ దగ్గర పెట్టుకోండి, హోరు కొంత తగ్గుతుంది. అయితే గాలి నేరుగా మైకును కొడితే ఏ సెట్టింగూ కాపాడదు. తొడుగు లేని రోజున గడ్డివామి చాటునో, గోడ చాటునో కూర్చోబెట్టి మాట్లాడించండి.

3. హెడ్‌ఫోన్స్

చెవిని పూర్తిగా మూసేవి, వైరు ఉన్నవి తీసుకోండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది. ముందు ఒక నిమిషం రికార్డు చేసి, విని, తర్వాత అసలు మాట మొదలుపెట్టండి. ఆ రోజు నేను ఈ ఒక్క పని చేసి ఉంటే చాలు.

4. రికార్డర్

మొదట్లో మీ ఫోనే చాలు, ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. తరచుగా చేస్తామనుకుంటే జూమ్ హెచ్1ఎన్, హెచ్1 ఎసెన్షియల్, ట్యాస్కామ్ డీఆర్-05ఎక్స్ లాంటి చిన్నవి చూడండి. వీటికి కాలర్ మైకు నేరుగా తగిలించవచ్చు. మామూలు బ్యాటరీలతో నడుస్తాయి కాబట్టి కరెంటు లేని చోటా ఇబ్బంది లేదు.

పెద్ద మైకులకు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్, 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. ట్యాస్కామ్ డీఆర్-40ఎక్స్, జూమ్ హెచ్4 ఎసెన్షియల్‌లలో అవి ఉన్నాయి. ఆ మైకులు కొనే ఉద్దేశం లేకపోతే వీటి జోలికి పోనక్కర్లేదు.

కొత్తవాటిలో 32-బిట్ ఫ్లోట్ అని వస్తోంది. మాట మరీ గట్టిగానో, మరీ మెల్లగానో పడినా తర్వాత సరిచేసుకోవచ్చు. కొత్తవాళ్లకు నిజంగా ఉపయోగం. కానీ గాలి హోరునూ, దూరాన్నీ అది కూడా సరిచేయలేదు.

5. గన్ మైకు

పొడుగ్గా ఉండే ఈ మైకు దూరపు మాటను దగ్గరికి లాక్కొస్తుందని అనుకుంటారు. అలా ఏమీ లాగదు. పక్కల నుంచి వచ్చే చప్పుడును కొంత తగ్గిస్తుంది, అంతే. మోటారు లాంటి బొంగురు శబ్దాన్ని పెద్దగా ఆపలేదు. తెల్లవారుజామున పిట్టలు, కీచురాళ్ల శబ్దాలు తీయాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. వాళ్లు మైకు వివరాల్లో సెల్ఫ్ నాయిస్ అనే అంకె చూడాలి. అది ఎంత తక్కువైతే 'స్' అనే శబ్దం అంత తక్కువ.

సెట్టింగులు

వావ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టండి. రెండు చానెళ్లలో గంటకు సుమారు 1 జీబీ అవుతుంది. 32 జీబీ కార్డులో దాదాపు 30 గంటలు పడుతుంది. ఆటో లెవెల్ ఆపేయండి, లేకపోతే మాట ఆగినప్పుడల్లా చుట్టుపక్కల చప్పుడు పైకి లేస్తుంది. గట్టిగా మాట్లాడినప్పుడు ముల్లు మైనస్ 12 దగ్గర ఉండాలి.

మొదట ఆయన అనుమతి అడగండి. తర్వాత తేదీ, ఊరు, పేరు రికార్డులోనే చెప్పించండి. ఇంటికి రాగానే రెండు చోట్ల కాపీ చేయండి.

మీ ఊళ్లో పాత విత్తనం సంగతి తెలిసిన పెద్దవాళ్లు ఉంటే, మంచి రికార్డర్ కొన్నాక చూద్దాంలే అని ఆగకండి. ఫోనూ, కాలర్ మైకూ పట్టుకుని ఈ వారమే వెళ్లండి. వాళ్లు లేచి వెళ్లకముందే, అక్కడే కూర్చుని ఒకసారి వినండి.