చెరకు రకముల వైవిధ్యము: నిజామాబాదు, బోధను ప్రాంతముల రైతులు గమనింపవలసిన సంగతి

చెరకు ముచ్చెలవలన పెరుగునని ప్రతి రైతు నెఱుగును. ఇందువలన కలుగు ఫలితమును మాత్రము కొద్దిమందియే యోచింతురు. ఒకే రకపు ముచ్చెలు నాటిన యెకరమునందలి గడలన్నియు నిజమునకు ఒకే మొక్కయొక్క తునుకలు. ఒకదానికి లొంగని తెగులు అన్నిటికిని లొంగదు. ఒకదానిని గూల్చునది అన్నిటిని గూల్చును.

అయినను చెరకునకు విత్తనము లేకపోలేదు. వెన్ను వెడలినపుడు దూదివంటి నూగులో మిక్కిలి సన్నని గింజలుండును. కోయంబత్తూరులో చెరకు చక్కగా పూచును గనుక 1912లో అచ్చట సంకర రకములను పుట్టించు కేంద్రము స్థాపింపబడెను. బార్బరు దొరయు, పిదప టి. ఎస్. వెంకట్రామన్ గారును ఈ పనిని సాగించిరి. వారు వెల్లై యను లావు చెరకును రెల్లుతో సంకరపరచిరి. గట్టుమీద పెఱికి పాఱవేయు రెల్లు చెరకునకు దాయాది యనిన కొందఱు నవ్వవచ్చును. దానియందు చక్కెర స్వల్పమే. కాని బెట్టకును తెగుళ్లకును ఓర్చు బలము గలదు. తీపి యొకరినుండి, బలము వేఱొకరినుండి గొని పుట్టిన కో 205 అను రకము 1918లో పంజాబు రైతులకు చేరి, అచ్చటి నాటు చెరకులను మించి పండెను.

ఇట్టి పని యొక యేట ముగియునది గాదు. గింజనుండి మొలచిన ప్రతి మొక్కయు వేఱు గుణము గలది. వేలకొలది మొక్కలలో గడ బరువు, రసమునందలి చక్కెర పాలు, కార్శి పంట, తెగులు నోర్చుట యనువానిని పరీక్షించి ఒకటి రెంటిని నిలుపుటకు పదియేండ్లకు మించి పట్టును.

1931లో ముగిసిన నిజాంసాగరు నీరు, 1937లో బోధనులో స్థాపింపబడి 2015లో మూతపడిన చక్కెర కర్మాగారము, ఈ రెండును ఈ సీమకు చెరకును తెచ్చినవి. ఆ కాలమున దక్షిణాపథమున పెక్కేండ్లు ప్రబలిన కో 419 జావా రకమైన పి.ఓ.జె. 2878కు సంతానము. 2000లో విడుదలైన కో 86032 ఇప్పుడు దక్షిణమున మిక్కిలి వ్యాపించియున్నది.

మంచి రకము దొరికినచో ఊరంతయు దానినే నాటుట సహజమే. ప్రమాదమును అచ్చటనే యున్నది. 1938-39 ప్రాంతమున బీహారు, తూర్పు సంయుక్త రాష్ట్రములలో కో 213 ఎఱ్ఱకుళ్లు తెగులుచే నాశమయ్యెను. ఇటీవల ఉత్తరప్రదేశమున చాలభాగము పొలములను ఆక్రమించిన కో 0238కును ఆ గతియే పట్టెను. తెగులు కలిగించు బూజు కాలక్రమమున మాఱుచుండును; నాటిన రకము మాఱదు.

పై నుండి మూడవ, నాలుగవ ఆకులు పసుపుబాఱి యెండుచున్నచో గడను నిలువున చీల్చి చూడవలెను. ఎఱ్ఱని లోభాగమున అడ్డముగా తెల్లని మచ్చలును, పులిసిన కల్లువంటి వాసనయు నున్నచో అది ఎఱ్ఱకుళ్లే. అట్టి తోటనుండి ముచ్చెలు తీయరాదు, కార్శి నుంచరాదు, ఆ మడి నీటిని ప్రక్క తోటకు పాఱనీయరాదు. దుబ్బులను పెఱికి కాల్చి, ఆ మడిలో వరి వేయవలెను. పది యెకరముల రైతు ముందు పండునది యొకటి, వెనుక పండునది యొకటిగా రెండు రకములైనను ఉంచుట మేలు. నఱకుటకు కూలీలును ఒక్కసారి కావలసిరారు. ఏడెనిమిది నెలల యారోగ్యవంతమైన తోటనుండియే ముచ్చెలు కోయవలెను. ఏ నేలకు ఏ రకము తగునో రుద్రూరులోని చెరకు, వరి పరిశోధన కేంద్రమున విచారించి, క్రొత్త రకమును మొదట కొన్ని గుంటలలోనే నాటి చూడవలెను.