నదీముఖపు బురదలో లోహాల నిల్వ

గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలి బంగాళాఖాతాన్ని చేరుతున్నది. గౌతమి యానాం దాటి కడలిలో కలిసే చోట, కోరింగ మడ అడవుల చెంత, నీరు పూర్తిగా మంచినీరూ కాదు, పూర్తిగా ఉప్పునీరూ కాదు. నదీజలం, సముద్రజలం ఇట్లు కలిసే తావే నదీముఖం. నీటిలో వదిలిన మలినాన్ని నది కడలికి మోసుకుపోతుందని, ఇక దానితో మనకు పనిలేదని సామాన్యంగా అనుకుంటాము. ఈ నమ్మకంలో నిజమెంతో నదీముఖపు బురదను పరిశీలిస్తే తెలుస్తుంది.

నది తెచ్చే ఒండ్రులో ఇసుక, బంకమన్ను రెండూ ఉంటాయి. ప్రవాహం మందగించగానే ఇసుక అడుగుకు చేరుతుంది. 0.002 మిల్లీమీటరు కంటె చిన్నవైన బంకమట్టి రేణువులు మాత్రం ఋణావేశం వల్ల పరస్పరం వికర్షించుకుంటూ నీటిలో తేలియాడుతూ వస్తాయి. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు గల సముద్రజలం తగిలినప్పుడు సోడియం, మెగ్నీషియం అయాన్లు ఆ వికర్షణను తగ్గిస్తాయి. అప్పుడు రేణువులు అంటుకొని, ముద్దలై, అడుగుకు దిగుతాయి. ఇదే స్కందనం.

లోహాలు ఇసుకలో కంటె బురదలో అధికంగా ఉండటానికి కారణమేమి? ఒక సెంటీమీటరు భుజం గల ఘనానికి ఉపరితల వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లు. దానినే మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే మొత్తం వైశాల్యం 60 అవుతుంది. రేణువు సన్నబడిన కొద్దీ రాగి, సీసం, జింకు అయాన్లు అంటుకొనే చోటు పెరుగుతుంది. మడచెట్ల ఆకులు కుళ్ళి ఏర్పడిన సేంద్రియ పదార్థం రేణువులకు పూతవలె పట్టి, లోహాలను, విశేషించి రాగిని, గట్టిగా బంధిస్తుంది.

కనుక ఒకచోటి ఇసుకను మరొకచోటి బురదతో పోల్చి కాలుష్యాన్ని నిర్ణయించడం పొరపాటు. రేణు పరిమాణం, సేంద్రియ కర్బనం ముందుగా కొలవాలి. దక్కను నల్లరాతి నేలల నుండి గోదావరి సహజంగానే ఇనుము, రాగి తెస్తుంది. లోహం కనిపించినంత మాత్రాన అది మానవకృతమని చెప్పరాదు.

పై పొర క్రింద ప్రాణవాయువు ఉండదు. అక్కడి బాక్టీరియా సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మారుస్తుంది. లోహాలు దానితో కలిసి కరగని సల్ఫైడులవుతాయి. బురద నలుపు రంగుకు ఇనుప సల్ఫైడే కారణం. అయితే ఈ నిల్వ శాశ్వతం కాదు. ఓడల మార్గానికై బురదను త్రవ్వితే ప్రాణవాయువు సోకి, సల్ఫైడులు విచ్ఛిన్నమై, లోహాలలో కొంత తిరిగి నీటిలో చేరవచ్చు. బురదను తిని బ్రతికే పురుగులు, పీతల ద్వారా చేపలకు, మనుష్యులకు చేరవచ్చు.

ఇట్టి ప్రమాదానికి జపాన్‌లోని మినమాటా ఉదాహరణ. అది నదీముఖం కాదు, చిన్న అఖాతం; అయినా పాఠం ఒకటే. అక్కడి చేపలలో చేరిన మిథైల్ పాదరసం వల్ల కలిగిన వ్యాధి 1956లో వెలుగులోకి వచ్చింది. వ్యర్థజలం 1968లో ఆగింది. పాదరసం మాత్రం బురదలో మిగిలింది. 1977లో ఆరంభమైన శుద్ధి కార్యక్రమం 1990 దాకా సాగింది.

నీటిలో వదిలినది పోయినట్లు కాదు. నది దానిని కొంతకాలం బురదలో దాచిందని మాత్రమే విద్యార్థులు గ్రహించాలి.