చందుర్తి యుద్ధము: బల్లపై ఒక ప్రయోగము

చదరంగ మెరుగనివారు మన కళాశాలలో అరుదు. చతురంగ మను మాట పారశీకమున చత్రంగ్ అయి, అరబ్బుల నోట షత్రంజ్ అయి, ఉర్దూలో శత్రంజ్‌గా మరల మన దేశమునకే చేరిన వృత్తాంతమును మా ఉర్దూ విభాగపు మిత్రులు చక్కగా చెప్పగలరు. అయినను యుద్ధక్రీడకు బీజము చదరంగమునందు కంటె అరుగులపై సుద్దతో గీచి ఆడు పులిజూదమునందే అధికముగా కలదని మా అభిప్రాయము. చదరంగమున ఉభయపక్షముల బలము సమానము. పులిజూదమున మూడు పులులకు పదునైదు మేకలు. పులి చంపవలెను, మేక చుట్టుముట్టవలెను. బలమును వేరు, లక్ష్యమును వేరు. నిజమైన యుద్ధములును ఇట్లే యుండును.

ఒకనాటి యుద్ధమును పటముపై మరల నడిపి, సేనానికి ఆనాడు గల సాధనములతోనే, సంకటములతోనే నిర్ణయములు చేయుట చారిత్రక యుద్ధక్రీడ. ప్రష్యా దేశమున రైస్విట్జ్ అను నాతడు 1812లో రాజునకు చూపిన ఇట్టి క్రీడను అతని కుమారుడు సంస్కరించి 1824లో ప్రకటించెను. అది సైన్యాధికారుల శిక్షణలో చేరెను. అమెరికాలో చార్లెస్ రాబర్ట్సు 1954లో అచ్చు వేసిన ఆటతో ఇది ఇంటి బల్లపైకి వచ్చెను. అతడు స్థాపించిన ఆవలాన్ హిల్ సంస్థ 1958లో గెటిస్‌బర్గు యుద్ధమును ఆటగా వెలువరించినది.

మేము ఏ యుద్ధమును గ్రహింపవలెను? విద్యార్థు లందరును ఒక్క గొంతుకతో బొబ్బిలి అనిరి. 1757 జనవరి నాటి ఆ యుద్ధము కథగా మహత్తరము, ఆటగా కొరగానిది. కోటలోనివారికి చచ్చుట తప్ప వేరు ఎత్తు లేనప్పుడు ఆడువానికి ఆలోచించు పని యేమి? అందుచేత 1758 డిసెంబరు 9న పిఠాపురము చేరువనున్న చందుర్తి వద్ద జరిగిన యుద్ధమును ఎన్నుకొంటిమి. ఆంగ్ల గ్రంథములు దీనిని ‘కాండోరు’ అని వ్రాయును. ఇది కోనసీమకు దూరపు చుట్టము కాదు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ పట్టుకొనిన ఇంగ్లీషు వర్తకస్థానములలో మన అమలాపురము ప్రాంతపు బెండమూర్లంక ఒకటి, యానాము చెంతనున్న ఇంజరము మరియొకటి. ఆ మరుసటి యేడు బుస్సీని లాలీ దక్షిణమునకు పిలిపించుకొనెను. విజయనగరపు ఆనందరాజు ఫ్రెంచివారిపై తిరుగబడి ఇంగ్లీషువారిని ఆహ్వానించెను. క్లైవు బెంగాలునుండి కర్నల్ ఫోర్డును పంపెను. ఫ్రెంచి పక్షమున కాన్‌ఫ్లాన్ నిలిచెను.

పటమును పాత గోడ క్యాలెండరు వెనుక గీచితిమి. గడులు చదరములు కావు, తేనెపట్టువలె షట్కోణములు. చదరపు గడులలో మూలగా నడచునది, నేరుగా నడచుదానికంటె సుమారు 1.4 రెట్లు దూరమును ఒక్క ఎత్తులోనే పోవును. షట్కోణమున ఆరు దిక్కులును సమానము. అట్ట బిళ్లలపై రెండంకెలు వ్రాసితిమి, ఒకటి బలము, రెండవది నడక. ఆరు బలము గల సేన మూడు బలము గలదానిపై పడినచో నిష్పత్తి రెండింటికి ఒకటి. పాచిక వేసి, పట్టికలో ఆ నిష్పత్తి వరుస చూచి, వెనుకంజయో వినాశమో తేల్చుకొనవలెను. అదృష్టమునకు చోటున్నది గాని మూడింతల బలము గలవానిని అది తరచుగా ఓడింపదు.

ఇంతవరకు సులభమే. ఇంగ్లీషు చరిత్రకారుడు ఆర్మ్ చెప్పిన లెక్క ప్రకారము ఫోర్డు వద్ద సుమారు 470 మంది ఐరోపీయులు, 1900 మంది సిపాయిలు. కాన్‌ఫ్లాన్ వద్ద 500 మంది ఐరోపీయులు, 6000 మంది సిపాయిలు, 500 గుర్రములు. ఈ అంకెలతో ఆడగా ఆడిన ప్రతిసారి ఫ్రెంచివారే గెలిచిరి! మా పట్టిక తప్పా? కాదు. నడుమనున్న ఫోర్డు ఐరోపా పటాలమును నిలువెత్తు పైరు దాచినది. ప్రక్కనున్న బెంగాలు సిపాయిలు ఎర్రని దుస్తులు తొడిగియుండిరి. ఫ్రెంచివారు వారినే ఐరోపా పటాలమని భ్రమించి అటు మరలి, వారిని చెదరగొట్టి వెంబడించిరి. అంతట చేనిలోని పటాలము వెలికి వచ్చి వారి ప్రక్కను కాల్చెను. యుద్ధము తీరినది ఆ పొరపాటుతోనే.

పొరపాటును ఆటలో పెట్టుట యెట్లు? చరిత్ర చదివిన విద్యార్థి ఏ చేనివైపునకును పోడు. కనుక ఇంగ్లీషు బిళ్ల లన్నింటికి ఒకే ఎరుపు పూసి, బలము అడుగువైపున వ్రాసితిమి. ఏ బిళ్లను ఏ చేనిలో నుంచుట అను స్వేచ్ఛను ఇంగ్లీషు ఆటగాని కిచ్చితిమి. పటముపై మూడు చేలు గీచితిమి. ఇప్పుడు ఫ్రెంచి పక్షము వహించినవాడు నిజముగా సంశయించును. చందుర్తిలో జరిగినది జరిగినట్లే మరల జరుగదు గాని, కాన్‌ఫ్లాన్ ఎదుట నున్న ప్రశ్న మాత్రము అతని యెదుట నుండును. మాకు కావలసినది అదియే.

అంతకంటె కష్టమైనది ఆనందరాజు బిళ్లలకు అంకె వేయుట. ఆయన సుమారు 5000 కాల్బలము యుద్ధవేళ ఎండిన చెరువు గోతిలో దాగెనని ఆర్మ్ వ్రాసెను. ఆ మాట నమ్మి సున్న వేయవలెనా? వ్రాసినవాడు మిత్రపక్షపు ఇంగ్లీషువాడు, ఈటెలు, విండ్లు పట్టినవారు తెలుగువారు. వారి పక్షమున వ్రాసిన పుటలు మా చేతిలో లేవు. ఒక విద్యార్థి సున్న వేయుట అవమానమని వాదించెను. మరియొకడు ఫిరంగుల యెదుట విల్లు పట్టి నిలుచుట బుద్ధికాదు, దాగుటయే బుద్ధి యనెను. రెండు గంటలు గడచినవి. చదరంగమున ఇట్టి తగవు పుట్టదు, బంటు విలువ ఎవ్వరును అడుగరు. తుదకు బలము ఒకటి వేసి, కదలుటకు ముందు పాచికపై ఐదుగాని ఆరుగాని పడవలెనని నియమించితిమి. ఇది ఆర్మ్‌కు కొంత అనుకూలమే యని మాకు తెలియును.

మొదట ఆటను చందుర్తితోనే ముగించితిమి. పిమ్మట అది సరికాదని తోచినది. కాన్‌ఫ్లాన్ రాజమహేంద్రవరమునకు పారిపోయి గోదావరి దాటెను. ఫోర్డు వెంటనే తరిమియుండిన మచిలీపట్టణ మప్పుడే దక్కెడిది. కాని ఆనందరాజు ఒప్పుకొనిన ధనము చేతికందక సేన వారములకొలది నిలిచిపోయి, 1759 మార్చి 6న గాని మచిలీపట్టణము చేరలేదు. కోట పడినది ఏప్రిలు 7వ తేదీ రాత్రి. కావున రెండవ పటమొకటి గీచి, గోదావరి పాయలు చూపి, వారమునకొక ఎత్తు చొప్పున, ధనపు బిళ్ల చేతనుండినగాని ఇంగ్లీషు సేన కదలరాదను నియమము చేర్చితిమి. ఆ ధనపు బిళ్ల లుండునది మూడవ ఆటగాడైన ఆనందరాజు చేతిలో. ఇంతవరకు ఏడుసార్లు ఆడగా, చెరువు గోతి వాదమున ఓడిన విద్యార్థియే నాలుగుసార్లు ఆ స్థానము కోరి కూర్చుండెను. ఒక్క బిళ్లకొరకు ఫోర్డును మూడు ఎత్తులు బ్రతిమాలించుకొనెను.