ఎండకాలమున కోళ్ల మేత: ఉసిరిక, మునగాకు, పసుపు వీని ఉపయోగము

కోళ్లను పెంచు రైతులకు సంవత్సరములో కలుగు నష్టములన్నిటిలో చైత్రము మొదలు జ్యేష్ఠమువరకు కలుగు నష్టము మిక్కిలి ఆకస్మికమైనది. తెగులు వచ్చునప్పుడు ఒకటి రెండు దినములు ముందుగా కొన్ని గుర్తులైనను కనబడును. ఎండ మాత్రము ఒక్క మధ్యాహ్నములో మందను పాడుచేయగలదు. 2015వ సంవత్సరము మే నెలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములలో వీచిన వడగాడ్పులకు వేయిమందికి పైగా జనులే మరణించిరి. కోళ్లు లక్షల సంఖ్యలో చచ్చినవి. చావక మిగిలిన పెట్టలును గ్రుడ్లు తగ్గించును, పెట్టిన గ్రుడ్లకు పెంకు పలుచనగును. ఈ భయముచేత రైతులు రోహిణికార్తె వచ్చిన తరువాత అంగడికి పరుగెత్తి, చలువచేయునని చెప్పబడు పొడులను ఏదో ఒక ధరకు కొనుచున్నారు. ఆ పొడులలోని దినుసులు పెక్కు రైతు పెరటిలోనే దొరకును. అయితే అవి కోడి దేహమును చల్లబరచునవి కావు. ఎండవలన దేహములోపల కలుగు చెరుపును తగ్గించునవి మాత్రమే. ఈ భేదమును తెలిసికొననివారు పొడిని నమ్మి నీళ్లకుండను మరచుచున్నారు.

కోడి దేహపు సహజమైన వేడి సుమారు 41 డిగ్రీలు. మనుష్యునికంటె నాలుగు డిగ్రీలు హెచ్చు. దానికి చెమట పట్టదు. దేహమంతయు ఈకలతో కప్పబడియున్నది. గాలి చల్లగా ఉన్నంతవరకు తురాయి, గొంతుక్రింద వ్రేలాడు ఎఱ్ఱని తోలు, కాళ్లు, రెక్కల క్రింది పలుచని చర్మము, వీనిద్వారా వేడి బయటకు పోవుచుండును. ఎండపూట కోళ్లు రెక్కలను దేహమునకు ఎడముగా విప్పి నిలుచుట ఇందువలననే. వేడి 30 డిగ్రీలు దాటిన పిమ్మట ఆ మార్గము చాలదు. అప్పుడు కోడి నోరు తెరచి రొప్పసాగును. రొప్పునప్పుడు నోటిలోని, శ్వాసమార్గములోని తడి ఆవిరియై పోవుచు కొంత వేడిని తీసికొనిపోవును. 38 డిగ్రీలు దాటినచో బరువైన మాంసపు కోళ్లును, నిండుగా గ్రుడ్లుపెట్టు పెట్టలును ప్రాణాపాయములో నున్నట్లే. దేహపు వేడి 47 డిగ్రీల దరికి చేరిన కోడి బ్రదుకదు. నాటుకోళ్లు తేలికయైన దేహము గలవగుటచేత ఎక్కువ తాళును. మెడమీద ఈకలులేని జాతి అంతకంటెను తాళును.

రొప్పుటవలన ప్రాణము నిలుచును గాని దానికి వెల చెల్లింపవలసియుండును. వేగముగా ఊపిరి విడుచుటచేత బొగ్గుపులుసు వాయువు నెత్తురునుండి మితిమీరి పోవును. గ్రుడ్డుపెంకునకు సున్నము ఎంత ముఖ్యమో ఈ వాయువునుండి ఏర్పడు లవణమును అంతే ముఖ్యము. అది తక్కువ పడినచో ఎంత గుల్ల, ఎంత సున్నపురాయి పెట్టినను పెంకు గట్టిపడదు. ఇదిగాక, మేత అరుగునప్పుడు వేడి పుట్టును గనుక కోడి తనకు తానే మేత తగ్గించుకొనును. మేత తగ్గినంత మాంసకృత్తులును, లవణములును, విటమిన్లును తగ్గును. చివరకు జీవకణములలో ప్రాణవాయువునుండి పుట్టు తీక్ష్ణపదార్థములు హెచ్చి, క్రొవ్వును, ప్రేగులలోని పలుచని పొరను కొఱుకును. ప్రేగులు చెడినప్పుడు అందలి విషములు నెత్తురులో కలియును. ఎండ తగ్గిన వారమునకును కొన్ని కోళ్లు తేరుకొనక చచ్చుటకు ఇది ఒక కారణము. మొక్కల దినుసులు పనిచేయు తావు ఇదే. తీక్ష్ణపదార్థములను విరుచు గుణము వానిలో గలదు.

కావున మొదట చేయవలసినవి చేసినపిమ్మటనే పొడుల మాట. కొట్టము తూర్పు పడమరలుగా పొడవు ఉండవలెను. పైకప్పుపై వరిగడ్డిగాని తాటాకుగాని పరచవలెను, లేదా తెల్లసున్నము పూయవలెను. తాగునీరు మట్టికుండలలో నీడను ఉంచి దినమునకు మూడు నాలుగు మారులు మార్చవలెను. ఎండలో కోడి మామూలుకంటె రెండింతలకు మించి త్రాగును, గోరువెచ్చని నీటిని మాత్రము అంటదు. మేతను తెల్లవారుజామున పెట్టి తొమ్మిది గంటలకు తొట్టెలు ఎత్తివేయవలెను. మరల సాయంకాలము అయిదు గంటల పిమ్మట పెట్టవలెను. గుల్లపిండి సాయంకాలపు మేతలోనే కలుపుట మేలు, ఏలయన పెంకు తయారగుట రాత్రియందే విశేషము. గోనెపట్టలు తడిపి కట్టుట మంచిదేగాని గాలి ఆడని కొట్టములో నీళ్లు చల్లుట కీడు. గాలి తేమగా నున్నచో కోడి ఎంత రొప్పినను ఆవిరి పోదు. తెలంగాణ, రాయలసీమల పొడిగాలిలో మేలుచేయు తడి, సముద్రతీరపు ఉక్కలో చంపును.

ఇక ఉసిరిక. కోడి తనకు కావలసిన సి విటమిన్‌ను తన మూత్రపిండములలో తానే చేసికొనును. మనుష్యునివలె మేతనుండి పొందనక్కరలేదు. అయినను మిక్కిలి వేడిలో అది చేసికొనునది చాలదు. అందుచేత వేసవిలో కిలో మేతకు 200 మొదలు 250 మిల్లీగ్రాముల సి విటమిన్ కలుపు వాడుక పెద్ద కోళ్లక్షేత్రములలో ఉన్నది. ఉసిరికలో ఆ విటమిన్ నారింజకంటె అనేక రెట్లు గలదు. అంతేగాక దాని వగరునకు కారణమైన పదార్థములును తీక్ష్ణపదార్థములను విరుచునవే. ఎండిన ఉసిరికపొడిని కిలో మేతకు 5 గ్రాముల చొప్పున కలిపిన చాలును.

ఇచట రైతు జాగ్రత్తపడవలసిన విషయము కాలము. ఉసిరికాయ కార్తికమునుండి మాఘమువరకు దొరకును. దానితో పని వైశాఖములో. చలికాలములో కాయ చౌకగా నున్నప్పుడు పొడి చేసికొననివాడు వేసవిలో అంగడిపొడినే కొనవలెను. కాయలను కడిగి, గింజ తీసి, పలుచని ముక్కలుగా కోసి, గాలివీచు నీడలో ఆరబెట్టవలెను. ఉడికించినను మండుటెండలో పోసినను విటమిన్ చాలవరకు పోవును. ఇండ్లలో ఉప్పు చల్లి ఎండబెట్టు ముక్కలను కోళ్లకు వాడరాదు. ఉప్పు హెచ్చినచో కోళ్లకు హాని. ముక్క పుటుక్కున విరుగునంత ఆరిన తరువాత దంచి, గాలిచొరని డబ్బాలో, చీకటి తావున ఉంచవలెను. ఆరు ఏడు కిలోల కాయకు సుమారు ఒక కిలో పొడి దిగును. గడ్డలు కట్టి నల్లబడిన పొడిని పారవేయవలెను. బూజు విషము ఎండకంటె చెడ్డది.

మునగాకు గూర్చి ఎంత చెప్పినను తక్కువే. ఇది పొడికంటె మేతయనుటయే సమంజసము. నీడను ఆరిన ఆకులో నూటికి పాతికవంతుల మాంసకృత్తులును, సి, ఇ విటమిన్లును, పచ్చసొనకు రంగునిచ్చు పదార్థములును గలవు. ఎండలో మేత తగ్గించిన పెట్టకు తిన్న కొంచెములోనే సత్తువ కలుగవలెను గనుక మునగాకు ఆ పనికి తగినది. కిలో మేతకు 30 గ్రాములు, అనగా నూటికి మూడువంతులు, తవుడునకు బదులుగా కలుపవచ్చును. అయిదువంతులు దాటరాదు, పదివంతులు చేరినచో అందలి పీచు, వగరు మొదలగువానిచేత ఎదుగుదల తగ్గును. ఆకు మంచిదని తొట్టినిండ పోయుట సరికాదు. పెద్ద మందకు వేసవి పొడుగున ఎండుటాకు సమకూర్చుట కష్టమగును. అట్టిచోట గ్రుడ్లుపెట్టు పెట్టలకు మాత్రము ఇచ్చి తక్కినవానిని విడువవచ్చును. పెరటికోళ్లకైనచో ఈ దంచుట ఆరబెట్టుట ఏమియు అక్కరలేదు. ఉదయము నాలుగు రెమ్మలు కోడి ముక్కునకు అందునంత ఎత్తున కట్టిన చాలును. నెలలోపు పిల్లలకు ఇది పెట్టనక్కరలేదు. వానికి భయము చలిగాని వేడి కాదు.

పసుపు కోళ్లకు పెట్టుమనగానే చాలమంది రైతులు వెనుదీయుదురు. పసుపు వేడిచేయునని, వేసవిలో కూడదని వారి మాట. వేడి, చలువ అనునవి మనుష్యుని నాలుకకు, కడుపునకు తోచు గుణములు. పక్షులకు అవి అట్లే వర్తింపవు. మిరపకాయ కారమే పక్షులకు తెలియదు. చిలుకలు పండుమిరపకాయలను హాయిగా తినుట అందరును చూచినదే. పసుపులోని పచ్చని సారము తీక్ష్ణపదార్థములను విరుచుటయందును, ప్రేగుల పొరను కాపాడుటయందును ఉపకరించునని ఎండకు గురిచేసిన కోళ్లపై జరిగిన పరీక్షలలో కనబడినది. కిలో మేతకు 3 మొదలు 5 గ్రాములు చాలును. నిజామాబాదు, దుగ్గిరాల ప్రాంతములవారికి కొమ్ములు ఇంటిలోనివే. తక్కినవారు ఎండిన కొమ్ములు కొని దంచుకొనవలెను. మెరుగుపెట్టి మిక్కిలి పచ్చగా మెరయు కొమ్ములను, అగ్గువ పొడులను నమ్మరాదు. రంగుకొరకు సీసము గల పచ్చరంగులు కలుపుట వాడుకలో నున్నది, ఆ సీసము గ్రుడ్డుద్వారా రైతు పిల్లల పళ్లెములోనికే వచ్చును.

తులసి, అశ్వగంధ మొదలైనవానినిగూర్చియు పరీక్షలు జరిగినవి. ఫలితములు ఒక్కతీరుగా లేవు. అశ్వగంధకు వెల హెచ్చు. అనంతపురము, కర్నూలు ప్రాంతములలో దానిని పండించువారు దానిని అమ్ముకొని ఆ సొమ్ముతో కోళ్లకు చల్లని నీటి ఏర్పాటు చేయుట లాభము. బీటైను అను పదార్థము జీవకణములలో నీరు నిలుపుటకు తోడ్పడును. దానిని చక్కెర బీటుగడ్డనుండి తీసి అమ్ముచున్నారు. గోధుమతవుడులోను పాలకూరలోను అది సహజముగానే గలదు. గోధుమతవుడు దొరకు రైతు మేతలో దానిని కొంత ఉంచిన చాలును.

కొలత విషయము. నూరు పెట్టలు చల్లని దినములలో సుమారు 11 కిలోల మేత తినును. ఆ లెక్కకు ఉసిరికపొడి దినమునకు 55 గ్రాములు, పసుపు 33 మొదలు 55 గ్రాములు, మునగాకు 330 గ్రాములు. ఏప్రిల్ మొదటినుండి జూన్ నడుమవరకు 75 దినములకు ఉసిరికపొడి 4 కిలోలకు కొంచెము మించును, అనగా 25 మొదలు 30 కిలోల పచ్చికాయ. ఎండ ముదిరినకొలది మేత 9 కిలోలకు దిగిపోవచ్చును. మేత తగ్గినదని పొడిని తగ్గింపరాదు. పెట్ట ఒక్కింటికి దినమునకు అరగ్రాము ఉసిరిక అని గుర్తుంచుకొనిన తప్పు రాదు. పొడిని నేరుగా మేతగుట్టపై చల్లినచో కొన్ని కోళ్లకు అంతయు, కొన్నింటికి ఏమియు దొరకదు. మొదట ఒక కిలో తవుడులో బాగుగా కలిపి, ఆ తవుడును తక్కిన మేతలో కలుపవలెను. నీళ్లలో మాత్రము ఈ పొడులు వేయరాదు. గొట్టములు పూడును, తొట్టె అడుగున పులిసి నీరు చెడును, కోడి త్రాగుటయే మానును.

ఎండ ముదురుటకు కనీసము రెండు వారములు ముందుగా మొదలుపెట్టవలెను. కోళ్లు రొప్పుచుండగా పొడి తెచ్చి పెట్టుట వృథా. ఆ సమయమున కోడి మేతనే ముట్టదు. అప్పుడు చేయగలది నీరు, గాలి, నీడ, కదలింపకుండుట ఇవియే. మధ్యాహ్నవేళ కోళ్లను పట్టుట, టీకాలు వేయుట, బండ్లపై ఎక్కించుట పనికిరాదు.

ఈ దినుసులు తన మందకు ఎంత మేలు చేసినవో రైతు తానే చూచుకొనవచ్చును. మందను ఒకే వయసు, ఒకే జాతిగల రెండు సమభాగములుగా చేసి, ఒకే కొట్టములో నడుమ తడిక కట్టి, ఒక భాగమునకు పొడి కలిపిన మేత, రెండవదానికి కలుపని మేత పెట్టవలెను. దినదినము మధ్యాహ్నపు వేడి, మిగిలిన మేత, గ్రుడ్ల సంఖ్య, పగిలిన గ్రుడ్లు, చావులు ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. పడమటి గోడవైపు ఒక భాగమును, తూర్పువైపు మరియొకదానిని ఉంచినచో లెక్క పొరబాటగును. పడమటివైపు ఎండ హెచ్చు. రెండు భాగములకు భేదము విశేషముగా పెంకులో, మేతలో కనబడవలెను. చావులు రెండింటను ఒక్కరీతిగా నున్నయెడల కొట్టమునందో నీటియందో లోపమున్నదని తెలియవలెను. పొడి మోతాదు హెచ్చించి ప్రయోజనము లేదు.

మృగశిరకార్తెలో తొలకరి పడి రాత్రులు చల్లబడిన తరువాత ఉసిరికను, పసుపును ఒక వారములో క్రమముగా మానవచ్చును. మునగాకు చెట్టున ఉన్నంతకాలము ఉంచవచ్చును. మిగిలిన ఉసిరికపొడిని మరుసటి వేసవికి దాచరాదు. వానకాలపు తేమలో గడ్డకట్టును, విటమిన్ క్షీణించును. దానిని ఆ నెలలోనే మేతలో వాడివేసి, కార్తికమున క్రొత్తకాయ తెచ్చుకొనవలెను.