వాల్వు ధ్వనియు ట్రాన్సిస్టరు ధ్వనియు

సన్నని ధ్వనిని పెద్దదిగా వినిపించు ఆంప్లిఫయరులు రెండు విధములు. ఒకటి గాజు వాల్వులతోను, రెండవది ట్రాన్సిస్టరులతోను చేయబడును. వాల్వు ధ్వని మృదువనియు, ట్రాన్సిస్టరు ధ్వని కఠినమనియు పలువురు చెప్పుదురు. ఇందు నిజమెంత కలదో విచారింతము.

1904లో ఫ్లెమింగు రెండు ధ్రువముల వాల్వును నిర్మించెను. 1906లో లీ డి ఫారెస్టు దానికి గ్రిడ్డు అను మూడవ ధ్రువమును చేర్చెను. గాలి తీసివేసిన గాజుబుడ్డిలో వేడెక్కిన కాథోడునుండి ఎలక్ట్రానులు వెడలి ప్లేటును చేరును. నడుమనున్న గ్రిడ్డుపై వోల్టేజి కొంచెము మాఱినను ఆ ప్రవాహము మిక్కిలి మాఱును. కుళాయి మరను కొంచెము త్రిప్పగా నీటిధార మాఱుట యిట్టిదే. 1947 డిసెంబరులో బెల్ ప్రయోగశాలయందు బార్డీను, బ్రాటేను అనువారు ట్రాన్సిస్టరును కనుగొనిరి. ఇందు గాజుబుడ్డి లేదు, వేడిచేయు తీగ లేదు. చిన్న స్ఫటికమే యా పని నెరవేర్చును.

ఇక ధ్వనిభేదమునకు కారణమేమి? సెకనునకు 220 కంపనములు గల స్వరమును షడ్జమనుకొందము. ఆంప్లిఫయరు దానిని ఉన్నదున్నట్లు పెంచక కొంత మార్చినచో 440, 660, 880 మొదలగు కంపనములు గల అనుస్వరములు వచ్చి చేరును. 440 తారషడ్జము, 660 దానిపై పంచమము. ఇవి మూలస్వరముతో కలిసిపోవును. 7వది మొదలగు పై అనుస్వరములు హెచ్చినచో చెవికి కటువుగా నుండును.

ఒంటిగా పనిచేయు ట్రయోడు వాల్వు ముఖ్యముగా రెండవ అనుస్వరమునే చేర్చును. భారము హెచ్చినకొలది మెల్లగా లొంగును. ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరు తన హద్దువఱకు స్వచ్ఛముగా పలికి, హద్దు దాటగానే తరంగశిఖరమును కత్తితో కోసినట్లు కోయును. అప్పుడే కటుత్వము పుట్టును. ఎలక్ట్రిక్ గిటారు వాద్యకారులలో పలువురు నేటికిని వాల్వుల నభిమానించుటకు ఇదియొక కారణము. మఱియు పెక్కు వాల్వు ఆంప్లిఫయరుల లోపలి నిరోధము హెచ్చు. స్పీకరు నిరోధమా అన్ని స్వరములకు నొక్కటి కాదు. కావున కొన్ని స్వరములు హెచ్చుగను, కొన్ని తగ్గుగను వినబడును.

ఈ భేదము వాల్వులకే సొంతమైన మహిమ కాదు. 1985లో అమెరికాయందు బాబ్ కార్వరు అను ఇంజనీరు, స్టీరియోఫైల్ పత్రికవారు ఎన్నుకొనిన వాల్వు ఆంప్లిఫయరును పోలునట్లు తన ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరును సవరింప బూనెను. రెండింటికిని ఒకే సంగీతము నిచ్చి, ఒకదాని ధ్వనినుండి రెండవదానిని తీసివేసి, మిగులు భేదము అత్యల్పమగువఱకు సవరించెను. పిమ్మట ఆ పరీక్షకులు రెండింటిని వేఱుపఱుపజాలకపోయిరి.

విద్యార్థులారా, మీరును ఇట్టి పరీక్ష చేయవచ్చును. రెండింటి బిగ్గఱను వోల్టుమీటరుతో సమానము చేయుడు. ఏలయన కొంచెము బిగ్గఱగా నున్నదే మేలైనదని చెవి భ్రమపడును. యంత్రములను తెరచాటున నుంచుడు. వరుస మీకు తెలియకుండ మఱియొకరు మార్చుచుండ, పదిమారులకు తక్కువ కాకుండ విని, ప్రతిమారును మీ తీర్పును కాగితముపై వ్రాయుడు. వాల్వుల యెఱ్ఱని కాంతిని చూచి కన్ను చెప్పిన మాటను చెవి చెప్పినదిగా నెంచరాదు.

ఇంపైన ధ్వని వేఱు, యథార్థధ్వని వేఱు. ఇంపైనదానిని కోరుట తప్పు కాదు. కాని యంత్రము తానుగా చేర్చిన తీపిని గాయకుని కంఠమునకు ఆరోపించుట న్యాయము కాదు. ఈ వివేకమును నేర్పుటయే ఈ పాఠమున మా యుద్దేశము.