రంగు పొలంలోనే పండాలి

వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో, లక్క బొమ్మల పనివాళ్ల మధ్యే నా వయసంతా గడిచింది. చెట్టూచేమా నమ్ముకుని ఊళ్లోనే ఏదైనా మొదలుపెడదామని వచ్చే పిల్లలకు చెప్పే మాటలివి.

1. ముందు చెట్టు సంగతి చూడండి, సంత సంగతి తర్వాత. మా బొమ్మకు ఆధారం అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా, ఉలికి లొంగుతుంది. ఆర్డర్లు పెరిగితే అందరూ స్టాళ్ల గురించీ ప్రదర్శనల గురించీ మాట్లాడతారు. కర్ర ఏటికేడు దూరమవుతోందన్న బెంగ మాత్రం పనివాడొక్కడిదే. అంకుడును వేళ్లతో పెకలించకుండా మోడు వదిలితే మళ్లీ చిగురేస్తుంది. గట్ల మీదా బీళ్లలోనూ వేసుకోవచ్చు. కర్ర చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది కనుక ఈ తొలకరికే నాటాలి.

2. మనం అమ్మేది రంగు. 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్ఎఫ్ కంపెనీ రసాయన నీలిమందును బజారులోకి తెచ్చాక మన దేశంలో నీలి సాగు కుదేలైంది. మా బొమ్మల మీదికీ అలాగే రసాయన రంగులు వచ్చిపడ్డాయి. చవక, పైగా మెరుపు. కానీ పసిబిడ్డ చేతికి బొమ్మనిస్తే ముందు నోట్లోనే పెట్టుకుంటుంది. రంగులో సీసం ఉంటే అది ఎక్కడికి పోతుందో ఆలోచించండి! మా ఊరి కళాకారుడు సి.వి. రాజు గారు పట్టుబట్టి పనివాళ్లను మళ్లీ చెట్ల రంగుల వైపు తిప్పారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు ఊరంతా మాకే వచ్చినట్టు మురిసిపోయాం.

పసుపు కొమ్ముతో పసుపు రంగు, జాఫ్రా గింజతో నారింజ, నీలి ఆకుతో నీలం. పసుపూ నీలీ కలిస్తే ఆకుపచ్చ. లక్కను సెగ మీద మెత్తబరిచి, రంగు వేసి, సాగదీసి మడిచి, మళ్లీ సాగదీసి కడ్డీ చేస్తారు. తరిణి మీద గిర్రున తిరిగే కర్రకు ఆ కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. చివర్లో మొగలి ఆకుతో అదిమితే నిగనిగలాడుతుంది. కొనేవాళ్లను కూర్చోబెట్టి ఇది చూపించండి, బేరం ఆడటం మానేస్తారు.

3. రంగు పంటకు ఒక్క కొనుగోలుదారే ఉంటే రైతు నిలవడు. జాఫ్రా గింజ బొమ్మలకే కాదు, వెన్నకూ చీజుకూ రంగునిస్తుంది. నీలి చేనేత అద్దకానికి పోతుంది. అది చిక్కుడు జాతి మొక్క, నేలకు నత్రజని ఇస్తుంది, తర్వాత వేసే పంటకు అదో లాభం. కరక్కాయ లేనిదే పెడనలో కలంకారీ గుడ్డ తయారుకాదు. ఇన్ని దారులున్నాయని రైతుకు చెప్పేవాళ్లే తక్కువ.

4. లక్కపిడతలతోనే ఆగిపోవద్దు. కుంకుమ భరిణెలు, పూసల గొలుసులు, చిన్నపిల్లల లెక్కల ఆటలు.

5. ప్లాస్టిక్ బొమ్మతో ధరలో పోటీ పడకండి, ఓడిపోతాం. రంగులో ఏముందని అడిగే అమ్మానాన్నలు కొద్దిమందే, మనకు వాళ్లు చాలు. ఏ చెట్టు కర్ర, ఏ మొక్క రంగు అన్నది బొమ్మతోపాటు చీటీ మీద రాసివ్వండి. రాసింది అక్షరాలా నిజమై ఉండాలి.

6. కాగితం పని వాయిదా వేయకండి. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆటవస్తువులకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి అన్న నిబంధన 2021 జనవరి నుంచి అమల్లో ఉంది. హస్తకళల శాఖలో నమోదైన పనివాళ్లకు, భౌగోళిక గుర్తింపును వాడుకునే అధికారం పొందినవాళ్లకు అందులో మినహాయింపు ఇచ్చారు. పేరు నమోదు కాకపోతే ఎంత గొప్ప పనివాడికైనా అది వర్తించదు. ఇంటికొక్కరైనా వెళ్లి చేయించుకోండి.

7. ఆర్డరుతోపాటు అడ్వాన్సు అడగండి. అందులోంచి మొదటి వాటా కర్ర తెచ్చినవాళ్లకు, రంగు పండించినవాళ్లకు అందాలి. బొమ్మ అమ్ముడయ్యేదాకా వాళ్లను ఆగమంటే, వచ్చే ఏడు ఆ గట్టు మీద సరుగుడు వేసుకుంటారు.